గాజును బట్టి గీత: చెక్కడపు స్ఫటిక పానపాత్రల చరిత్ర

ఐరోపాలో 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా తయారైన చెక్కడపు పానపాత్రలను చూసేవారి దృష్టి సహజంగా వాటి మీది బొమ్మల మీదికే పోతుంది. రాజవంశాల చిహ్నాలు, వేట దృశ్యాలు, ఓడలు, ద్రాక్షతీగలు, పెళ్ళికానుకగా చెక్కిన పేర్లు చూపును ముందుగా ఆకట్టుకుంటాయి. అయితే ఒక పాత్ర మీది బొమ్మ వెంట్రుకవాసి గీతలతో ఎందుకుంది, మరొక పాత్ర మీది బొమ్మ లోతుగా తొలిచినట్టు ఎందుకుంది, ఇంకొకదాని మీద గీత అనేదే లేకుండా చుక్కలతోనే మనిషి ముఖం ఎలా తేలింది అన్న ప్రశ్నలకు జవాబు బొమ్మలో దొరకదు. కొలిమిలో ఇసుకతో పాటు ఏ బూడిద, ఏ ఖనిజం కలిపారన్నదాన్ని బట్టి గాజు మందం, మెత్తదనం, మెరుపు నిర్ణయమయ్యాయి. వాటిని బట్టి చెక్కేవాడి చేతిలో ఏ పనిముట్టు ఉండాలో నిర్ణయమైంది. అందువల్ల ఈ పాత్రల చరిత్రను కళాకారుల పేర్లతో పాటు గాజు పాళ్ళ క్రమంలో కూడా చదవవలసి ఉంటుంది.

స్ఫటికాన్ని పోలిన గాజు కోసం

గాజుకు మూలపదార్థం సిలికా, అంటే మామూలు ఇసుకలో ఉండే పదార్థమే. శుద్ధమైన సిలికా కరగాలంటే సుమారు 1700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి; పాత కాలపు కట్టెల కొలిముల్లో అంత వేడి పుట్టించడం సాధ్యం కాదు కనుక దానికి ఒక క్షారాన్ని కలిపి కరిగే వేడిని తగ్గించేవారు. సముద్రతీరపు మొక్కలను కాల్చిన బూడిద నుంచి సోడా, అడవి చెట్ల బూడిద నుంచి పొటాష్ అనే క్షారాలు లభించేవి. క్షారం మాత్రమే కలిపిన గాజు తేమ తగిలితే క్రమంగా పాడవుతుంది కాబట్టి దాన్ని నిలబెట్టడానికి సున్నం వంటి మూడో పదార్థం కూడా అవసరం. ఇసుకలో సహజంగా ఉండే ఇనుము వల్ల గాజుకు పచ్చని ఛాయ వస్తుంది. మధ్యయుగంలో జర్మనీలో, నేటి చెక్ దేశంలోని బొహీమియా అడవుల్లో తయారైన గాజు పచ్చగా ఉండడానికి కారణం అదే.

ఆ కాలపు రాజుల కళ్ళు మాత్రం పచ్చని గాజు మీద కాక, నేలలో దొరికే స్వచ్ఛమైన స్ఫటికశిల మీద ఉండేవి. ఇటలీలోని మిలాన్ నగరపు శిల్పులు స్ఫటికశిలను తొలిచి చేసిన పాత్రలు బంగారంతో సమానంగా రాజుల ధనాగారాల్లో చేరేవి. ఆ రాయి అరుదు, దాన్ని తొలచడానికి పట్టే కాలం అపారం. అంతటి స్వచ్ఛతను కొలిమిలోనే సాధించాలన్న కోరిక తరవాతి మూడు వందల ఏళ్ళ గాజు ప్రయోగాలను నడిపించింది. క్రిస్టల్ గాజు అన్న పేరు స్థిరపడింది కూడా ఈ పోలిక వల్లనే.

మురానో పలుచదనం, వజ్రపు మొన

వెనిస్ ప్రభుత్వం అగ్నిప్రమాదాల భయంతో 1291లో నగరంలోని గాజు కొలిములను పక్కనే ఉన్న మురానో దీవికి తరలించింది. పనివారంతా ఒకేచోట చేరడం వల్ల వృత్తి రహస్యాలను కాపాడుకోవడం కూడా సులభమైంది. 15వ శతాబ్దం మధ్యలో ఆంజెలో బారోవియెర్ అనే మురానో నిపుణుడి పేరుతో ముడిపడిన ‘క్రిస్టాల్లో’ అనే గాజు వెలువడింది. శుద్ధి చేసిన మొక్కల బూడిదను వాడి, ఇనుము తెచ్చే పచ్చదనాన్ని విరిచేందుకు తగుమాత్రం మాంగనీసు కలిపి సాధించిన ఈ గాజు అప్పటివరకు ఐరోపా చూడనంత తెల్లగా వచ్చింది. సోడా గాజు కావడం వల్ల అది చాలాసేపు సాగే గుణంతో ఉండేది. పనివాడు దాన్ని ఊది, లాగి, మెలితిప్పి కాగితమంత పలుచని గిన్నెలను, రెక్కల వంటి అలంకారాలున్న కాడలను చేయగలిగేవాడు.

ఇంత పలుచని పాత్రను తిరిగే చక్రానికి ఆనించి ఒరిపిడి పెడితే పగిలిపోతుంది. కనుక 16వ శతాబ్దం మధ్య నుంచి మురానోలో, తరవాత వెనిస్ పద్ధతి పాకిన దేశాలన్నిటిలో వజ్రపు మొనతో గీయడమే ప్రధాన పద్ధతి అయింది. కలం పట్టినట్టు పట్టుకున్న చిన్న కడ్డీకి చివర వజ్రపు ముక్కను బిగించి గాజు పైపొర మీద సన్నగా గీకేవారు. ఈ గీతకు లోతు ఉండదు. దాని అందమంతా చేతి ఒడుపులోనే ఉంటుంది. వెనిస్‌కు చెందిన జాకోపో వెర్జెలీని లండన్‌లో స్థిరపడి, 1575లో ఎలిజబెత్ రాణి నుంచి 21 సంవత్సరాల పాటు వెనిస్ తరహా గాజును తయారుచేసే హక్కు పొందాడు. ఆయన కొలిమి పేరుతో నేడు గుర్తిస్తున్న కొద్దిపాటి పానపాత్రల మీద కూడా వజ్రపు గీతలే కనిపిస్తాయి.

వజ్రపు మొనతో పని చేయడానికి కార్ఖానా అవసరం లేకపోవడం వల్ల చదువుకున్నవారు, తీరిక ఉన్నవారు కూడా ఈ కళను చేపట్టారు. హాలండ్‌లో కవయిత్రి ఆనా రూమర్స్ విస్షర్ (1583–1651), లైడెన్ నగరపు బట్టల వర్తకుడు విల్లెమ్ వాన్ హీమ్‌స్కెర్క్ (1613–1692) ‘రూమర్’ అనే పచ్చని పానపాత్రల మీద, గాజు కూజాల మీద ఒయ్యారంగా మెలికలు తిరిగే అక్షరాలతో సూక్తులు గీశారు. ఆ నైపుణ్యం గాజుపనివారిది కాక లేఖకులది.

ప్రాగ్ కోటలో రత్నాల చక్రం

చక్రంతో గాజును చెక్కడం కొత్త విషయం కాదు. ప్రాచీన రోమన్ పనివారికి అది తెలుసు. ఐరోపాలో అది మళ్ళీ ఉన్నత కళగా నిలబడింది మాత్రం ప్రాగ్‌లో, రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థానంలో. వింత వస్తువుల మీద, రత్నాల మీద విపరీతమైన మక్కువ ఉన్న ఆ చక్రవర్తి మిలాన్ నుంచి మిసెరోని కుటుంబం వంటి రత్నశిల్పులను పిలిపించుకున్నాడు. అదే ఆస్థానంలో రత్నాలు చెక్కే కాస్పర్ లేమన్ స్ఫటికశిలకు వాడే చిన్న రాగి చక్రాలను గాజు మీద ప్రయోగించి, 1609లో గాజు చెక్కడంపై చక్రవర్తి నుంచి ప్రత్యేక హక్కు సంపాదించాడు. 1605 సంవత్సరం వేసి, సంతకం చేసి ఆయన చెక్కిన పానపాత్ర ప్రాగ్‌లోని అలంకార కళల మ్యూజియంలో ఉంది. 1622లో లేమన్ చనిపోగా ఆయన శిష్యుడు గియోర్గ్ ష్వాన్‌హార్ట్ న్యూరెంబర్గ్‌కు వెళ్ళి, అక్కడ ఈ విద్యకు మరొక కేంద్రాన్ని నెలకొల్పాడు.

లేమన్‌కు అందుబాటులో ఉన్న గాజు ఇంకా పలుచనిదే, అందుకే ఆయన చెక్కడం లోతు తక్కువ. ఈ అడ్డంకి 1670లు, 1680లలో తొలగింది. బొహీమియా అడవుల్లోని కొలిముల వారు పొటాష్‌ను బాగా శుద్ధి చేసి, దానికి సున్నపు సుద్దను కలిపి, రంగు లేని, గట్టి, మందమైన గాజును తీయగలిగారు. ఈ గాజు త్వరగా బిగుసుకుపోయేది కనుక వెనిస్ పనివారిలా రెక్కలు, మెలికలు చేయడానికి పనికిరాలేదు. కానీ చల్లారాక దాని గోడ చక్రపు ఒత్తిడికి తట్టుకునేది. కొలిమి దగ్గర జరగవలసిన అలంకారం ఆ విధంగా కొలిమి దాటి చెక్కేవాడి బల్ల మీదికి వచ్చింది. పొరుగునే ఉన్న సైలీషియాలో, నేటి పోలండ్ భూభాగంలో, ఫ్రీడ్రిఖ్ వింటర్ 1690 ప్రాంతంలో నీటి చక్రంతో నడిచే చెక్కడపు కార్ఖానాను పెట్టి, బొమ్మ చుట్టూ ఉన్న గాజునంతా అరగదీసి బొమ్మను ఉబ్బెత్తుగా నిలబెట్టే కష్టమైన పనిని కూడా సాధ్యం చేశాడు.

చక్రం కింద పాత్ర

రాగి చక్రపు పని తెలిస్తేనే ఆ పాత్రల విలువ అర్థమవుతుంది. చెక్కేవాడి ముందు బల్లకు బిగించిన చిన్న ఇరుసు ఉంటుంది. దాన్ని పూర్వం కాలి తొక్కుడుతో తిప్పేవారు. ఆ ఇరుసు చివర గుండుసూది తల మొదలుకొని కొన్ని అంగుళాల వెడల్పు దాకా ఉండే రాగి చక్రాల్లో అవసరమైనదాన్ని అమర్చి, వజ్రం తరవాత అంతటి గట్టిదనమున్న కురువిందం కలిసిన ఎమరీ పొడిని నూనెతో కలిపి చక్రపు అంచుకు పట్టిస్తారు. నిజానికి గాజును కోసేది రాగి కాదు; మెత్తని రాగి అంచులో ఇరుక్కున్న ఆ పొడి రేణువులు. చెక్కేవాడు పనిముట్టును కదపడు. పాత్రను రెండు చేతులా పట్టుకుని చక్రం కిందికి తెచ్చి తిప్పుతాడు. చక్రం, దాని నుంచి కారే బూడిదరంగు నూనె కలిసి పని జరుగుతున్న చోటును కంటికి కనబడనివ్వవు కాబట్టి చేతికి తెలిసే ఒత్తిడిని, చెవికి వినిపించే రాపిడి ధ్వనిని బట్టి చాలా భాగం పని సాగుతుంది. ఒక్క బొమ్మకు పదుల కొద్దీ చక్రాలు మార్చవలసి రావడం మామూలు.

ఇలా తొలిచిన బొమ్మ గాజులోకి గుంటగా దిగి ఉంటుంది. అయినా పాత్రను అవతలి వైపు నుంచి చూసినప్పుడు గుంట ఉబ్బెత్తుగా భ్రమింపజేస్తుంది. ఎక్కువ లోతుగా తొలిచిన భాగం ఎక్కువగా పైకి లేచినట్టు కనిపిస్తుంది. గుర్రపు కండను చూపాలంటే అక్కడ మరింత లోతుకు దిగాలి. అంటే కళాకారుడు ప్రతి ఆకారాన్నీ తలకిందులుగా ఊహించుకోవాలి. చెక్కిన చోటు మామూలుగా మసకగా ఉంటుంది. మెరవవలసిన భాగాలను మాత్రం మెత్తని పొడులతో మళ్ళీ నునుపు చేస్తారు. ఇదంతా సూక్ష్మమైన చెక్కడపు పని. పెద్ద ఇనుప, రాతి చక్రాలతో పాత్ర ఒంటి మీద పలకలు, నక్షత్రాలు దింపే కోత పని దీనికి భిన్నమైనది. రెండింటినీ వేరు వేరు పనివారు చేసేవారు.

లండన్ సీసం

ఇంగ్లండ్‌లో మార్పు వర్తకం ద్వారా వచ్చింది. వెనిస్ నుంచి గాజుసామాను తెప్పించి అమ్మే లండన్ వర్తక సంఘం స్వదేశంలోనే మేలైన గాజు దొరకాలని ఆశించగా, 1673లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ అనే వర్తకుడు థేమ్స్ ఒడ్డున సవాయ్ ప్రాంతంలో కొలిమి పెట్టి, మరుసటి సంవత్సరం స్ఫటికశిలను పోలిన గాజుకు ఏడేళ్ళ పేటెంటు పొందాడు. ఆయన మొదటి పాత్రలకు ఒక జబ్బు పట్టింది: గాజులో క్షారం పాలు ఎక్కువై, కొంతకాలానికి లోపలంతా సన్నని పగుళ్ళు కమ్మి పాత్ర మసకబారేది. సీసపు ఆక్సైడ్ కలిపాక ఆ లోపం తగ్గింది. 1676 తరవాత ఆయన మెరుగైన పాత్రల మీద తన పేరును గుర్తుచేసే కాకోలపు తల ముద్ర వేశాడు.

క్రమంగా సీసపు ఆక్సైడ్ పాలు బరువులో మూడో వంతు దాకా పెరిగింది. ఈ గాజు బరువైనది, కాంతిని ఎక్కువగా వంచి మెరిసేది, తట్టితే చాలాసేపు మోగేది. అన్నిటికీ మించి ఇతర గాజుల కంటే మెత్తనిది. 18వ శతాబ్దపు ఆంగ్లేయ పానపాత్ర అందమంతా దాని కాడలో కనిపిస్తుంది. మొదట బరువైన ముడులు, బుడిపెలు గల కాడలు. తరవాత లోపల గాలిబుడగను సాగదీసి మెలితిప్పిన వెండిదారాల వంటి కాడలు. ఆపైన తెల్లని ఎనామెల్ పోగులు మెలిక తిరిగిన కాడలు. శతాబ్దం చివరికి పలకలు కోసిన కాడలు వరసగా వచ్చాయి. ఈ వరసను బట్టి నిపుణులు ఒక పాత్ర కాలాన్ని పది, ఇరవై ఏళ్ళ తేడాతో చెప్పగలుగుతారు.

చుక్కలతో బొమ్మ

సీసపు గాజు మెత్తదనాన్ని అందరికంటే సమర్థంగా వాడుకున్నది ఆంగ్లేయులు కాదు, డచ్చివారు. ఇంగ్లండ్ నుంచి దిగుమతి అయిన పానపాత్రల మీద, డార్‌డ్రెక్ట్ నగరంలో ఉద్యోగి అయిన ఫ్రాన్స్ గ్రీన్‌వుడ్ 1720లలో కొత్త పద్ధతిని ప్రవేశపెట్టాడు. వజ్రపు మొనను గీతగా లాగకుండా గాజు మీద మెల్లగా తాటిస్తూ సూక్ష్మమైన చుక్కలు వేయడం ఆ పద్ధతి. చుక్కలు దట్టంగా ఉన్నచోట వెలుగు, పలుచగా ఉన్నచోట నీడ. చుక్కలు లేని స్వచ్ఛమైన గాజే చీకటి. చెక్కడపు అంచులు ఎక్కడా కనబడకపోవడం వల్ల బొమ్మ గాజు మీద ఊపిరి పట్టినట్టు ఉంటుంది; వెలుగు పడే కోణం మారితే దాదాపు మాయమవుతుంది. గట్టి పొటాష్ గాజు మీద అంత తేలికైన తాటింపుకు గుర్తు పడదు. ఆ శతాబ్దం చివరి భాగంలో ది హేగ్ నగరంలో పనిచేసిన డేవిడ్ వోల్ఫ్ (1732–1798) ఈ పద్ధతిలో ప్రసిద్ధుడు. అదే సమయంలో జర్మనీ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ చేరిన యాకోబ్ సాంగ్ రాగి చక్రంతో ఓడలు, పుట్టినరోజు వేడుకలు, వ్యాపార ఒప్పందాల గుర్తులు చెక్కి, పాత్ర అడుగున తన పేరు, సంవత్సరం వేసేవాడు.

గ్లాసు ఎత్తి చెప్పిన రాజకీయం

విందులో గ్లాసు ఎత్తి ఒకరి క్షేమం కోరడం ఐరోపాలో బహిరంగ ప్రకటనతో సమానం. అందుకే పానపాత్ర రాజకీయానికి వాహనమైంది. 1688లో సింహాసనం కోల్పోయిన ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ వంశానికి మద్దతుగా నిలిచినవారిని జాకోబైట్లు అంటారు. వారి చివరి తిరుగుబాటు 1745లో మొదలై, 1746లో కలోడెన్ యుద్ధంతో అణగిపోయింది. ఆ పక్షపు పానపాత్రల మీద ఆరు రేకుల గులాబీ, ఒకటి రెండు మొగ్గలు, సిందూర వృక్షపు ఆకు, ‘అట్లే అగుగాక’ అని అర్థమిచ్చే ‘ఫియాట్’ అన్న లాటిన్ మాట కనిపిస్తాయి. గులాబీని కిరీటంగా, మొగ్గలను ప్రవాసంలో ఉన్న వారసులుగా చెప్పుకోవడం వాడుక. వీటిలో అరుదైనవి ‘ఆమెన్’ పాత్రలు. ప్రవాసంలోని రాజుకు జయం పలికే గీతాన్ని వజ్రపు మొనతో గీసి, చివర ఆ మాట చేర్చారు. ఎదుటి పక్షంవారూ ఊరుకోలేదు. ఐర్లాండ్‌లో జేమ్స్ మీద మూడో విలియమ్ రాజు సాధించిన 1690 నాటి బాయిన్ విజయాన్ని స్మరించే పాత్రలు చెక్కించుకున్నారు.

తూకం మీద పన్ను

గాజు రూపాన్ని కొలిమి పాళ్ళే కాక ప్రభుత్వ ఖజానా కూడా మార్చింది. బ్రిటిష్ పార్లమెంటు 1745లో గాజు మీద తూకాన్ని బట్టి పన్ను విధించింది. సీసపు గాజు బరువైనది కావడం వల్ల దానికి దెబ్బ ఎక్కువగా తగిలింది. పాత్రలు తేలికపడ్డాయి, కాడలు సన్నబడ్డాయి, గాజు పరిమాణంతో కాక పైపని నైపుణ్యంతో ధర రాబట్టుకోవలసి వచ్చింది కనుక చెక్కడానికి, రంగుపూతకు గిరాకీ పెరిగింది. 1780లో ఐర్లాండ్‌కు స్వేచ్ఛా వాణిజ్యం లభించగా, పన్ను లేని ఆ దేశానికి ఆంగ్లేయ పనివారు తరలివెళ్ళారు. 1783లో పెన్‌రోజ్ కుటుంబీకులు వాటర్‌ఫోర్డ్‌లో స్థాపించిన కర్మాగారం మందమైన, లోతుగా కోసిన పాత్రలతో పేరు గడించింది. 1825లో పన్ను ఐర్లాండ్‌కూ పాకింది. 1851లో ఆ కర్మాగారం మూతపడింది. బ్రిటన్‌లో ఈ పన్ను రద్దయినది 1845లో.

రంగు పొరలు, స్నానతీర్థాలు

19వ శతాబ్దంలో బొహీమియా తిరిగి ముందుకు వచ్చింది, ఈసారి రంగుతో. నేటి నోవీ బోర్ ప్రాంతంలో ఫ్రీడ్రిఖ్ ఎగర్‌మాన్ తెల్లని గాజు మీద వెండి లవణాలతో పసుపు, 1830లలో రాగి లవణాలతో ఎరుపు పూతలను పట్టించే పద్ధతిని స్థిరపరిచాడు. ఆ పలుచని ఎర్ర పొరను చక్రంతో తొలిస్తే కింది తెల్లని గాజు బొమ్మగా బయటపడుతుంది. లోతుగా తొలచవలసిన పని లేకపోవడంతో చెక్కడం వేగంగా, చౌకగా సాగింది. ఔషధ జలాల కోసం కార్ల్స్‌బాద్, ఫ్రాంజెన్స్‌బాద్ వంటి ఊళ్ళకు వచ్చే సంపన్నులు ఊరి భవనాలు, లేళ్ళ మందలు చెక్కిన ఎర్రని గ్లాసులను జ్ఞాపికలుగా కొనుక్కునేవారు. ఆ ఫ్రాంజెన్స్‌బాద్‌లోనే డొమినిక్ బీమాన్ (1800–1857) వేసవికాలంలో కూర్చుని, వచ్చినవారి ముఖచిత్రాలను గాజు మీద చెక్కి ఇచ్చేవాడు; గాజు మీద మనిషి పోలికను పట్టడంలో ఆయనకు సాటివారు అరుదు. 1856లో కమెనీత్స్కీ షెనోవ్‌లో గాజు పాఠశాల ఏర్పడడంతో తండ్రి నుంచి కొడుకుకు సాగిన విద్య పాఠ్యక్రమంగా మారింది.

ఇదే శతాబ్దంలో పోటీ కూడా పుట్టింది. అచ్చులో గాజును నొక్కి నకలు కోతలు తీసే యంత్రాలు 1820లలో అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. స్వీడన్ రసాయనవేత్త షీలే 1771లో పరిశోధించిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును కరిగించగలదు కాబట్టి, మైనం పూసి కావలసినచోట గీకి ఆమ్లంలో ముంచితే నిమిషాల్లో బొమ్మ దిగేది. అచ్చుపనిలో అంచులు మొద్దుబారతాయి. ఆమ్లపు పనిలో బొమ్మ అంతటా ఒకే లోతు ఉంటుంది. చక్రపు పనిలో మాత్రమే లోతు క్షణక్షణం మారుతుంది.

పాత్రను చదవడం

పాత పాత్రను గుర్తించడంలో ముందుగా చూసేది అడుగు భాగం. ఊదుతున్న పాత్రను పట్టి ఉంచిన ఇనుప కడ్డీని విరిచినప్పుడు పాదం కింద మిగిలే గరుకు మచ్చ, పాదం గిన్నె కంటే వెడల్పుగా లేదా దాదాపు సమానంగా ఉండడం, దశాబ్దాల వాడకంతో పాదపు అంచున అన్ని దిక్కులా పడ్డ క్రమం లేని గీతలు, గాజులో లీలగా కనిపించే బూడిద ఛాయ మంచి సూచనలు. అతినీలలోహిత కాంతిలో సీసపు గాజు నీలంగా మెరవడం మరొక ఆధారం. వీటన్నిటితోనూ పాత్ర పాతదని మాత్రమే తేలుతుంది, దాని మీది చెక్కడం పాతదని తేలదు. 19వ శతాబ్దం చివర నుంచి ఖాళీగా దొరికిన పాత గ్లాసుల మీద జాకోబైట్ గులాబీలను కొత్తగా చెక్కి అమ్మినవారు చాలామంది. చెక్కిన గుంటలోని మసకదనం మరీ తెల్లగా, పొడిపొడిగా ఉన్నప్పుడు నిపుణులు అనుమానిస్తారు.

పాత సీసపు గాజును ప్రదర్శనకు ఉంచడంలో ఇబ్బంది లేదు. మద్యం, పుల్లని పానీయాలను ఎక్కువ కాలం నిల్వ ఉంచితే మాత్రం సీసం వాటిలోకి దిగుతుంది. ఐరోపా నియమాల ప్రకారం 24 శాతం సీసపు ఆక్సైడ్ ఉంటే సీసపు క్రిస్టల్ అని, 30 శాతం ఉంటే సంపూర్ణ సీసపు క్రిస్టల్ అని పిలవవచ్చు. ఇప్పుడు చాలా కర్మాగారాలు సీసం స్థానంలో బేరియం, జింకు వంటి లోహాల ఆక్సైడ్లను వాడుతున్నాయి.

తెలుగు పాఠకులు ఈ గాజు సంప్రదాయాలను పోల్చి చూడడానికి ఐరోపా దాకా వెళ్ళనవసరం లేదు. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణలో భాగంగా వెనిస్, బొహీమియా, ఇంగ్లండ్, ఫ్రాన్స్ దేశాల గాజుసామాను ఉంది. గోడ పలుచదనం, రంగు పొర, కోత లోతు అన్న మూడింటినీ గమనిస్తే ఏ పాత్ర ఏ సంప్రదాయానిదో అక్కడే చాలావరకు ఊహించవచ్చు.

చేతి గాజుపని ఇంకా ఆగిపోలేదు. వాటర్‌ఫోర్డ్‌లో 1947లో కర్మాగారాన్ని పునరుద్ధరించినవాడు చెక్ దేశపు గాజు వర్తకుడు చార్ల్స్ బాచిక్. అంటే బొహీమియా విద్యే ఐర్లాండ్ పేరును మళ్ళీ నిలబెట్టింది. 2023లో చెక్ రిపబ్లిక్, ఫిన్లాండ్, ఫ్రాన్స్, జర్మనీ, హంగరీ, స్పెయిన్ దేశాల ఉమ్మడి అభ్యర్థనపై యునెస్కో చేతి గాజుపనిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ గుర్తింపు పాత్రలకు కాక వాటిని చేసే చేతుల విద్యకు దక్కడం సమంజసం. పాళ్ళను పుస్తకంలో రాసి ఉంచవచ్చు, పాత్రలను బీరువాలో భద్రపరచవచ్చు. నూనె కమ్మిన చక్రం కింద లోతును చేత్తో, చెవితో తెలుసుకునే నేర్పు మాత్రం ఒక గురువు పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న శిష్యుడి ద్వారానే తరువాతి తరానికి చేరుతుంది.